తొమ్మిది చుక్కల తాళం

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, సెల్‌ఫోను ఒక మనిషిది కాక ఒక ఇంటిదిగా ఉన్న రోజులు మేం చూశాం. అదేమీ తాతల కాలం కాదు, పన్నెండేళ్ల కిందటి సంగతి. ఇప్పుడు కొన్నప్పుడే ఫోనులో ఏ యాప్‌కు ఆ యాప్‌కు విడిగా తాళం వేసుకునే ఏర్పాటు ఉంటోంది. వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది, మొహం చూపిస్తే తెరుచుకుంటుంది. అప్పుడు వేస్తే మొత్తం ఫోనుకు వేయాలి, లేకపోతే ఊరుకోవాలి. మొత్తం ఫోనుకు తాళం వేయడమంటే సిరిసిల్లలోని మా ఇంట్లో పెద్ద తప్పు. "పట్టపగలు తలుపేసుకునే ఇంట్ల ఏదో ఉన్నట్టే" అనేది అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం). నేను కోరుట్లలో ఉద్యోగంలో చేరి, సొంతంగా ఒక టచ్ ఫోను కొనుక్కున్నా సరే, శనివారం సాయంత్రం ఇల్లు చేరగానే అది సాంచల షెడ్డు గోడకున్న అరలోకి పోవాల్సిందే. సాంచలంటే మరమగ్గాలు. మాకు నాలుగుండేవి. ఆ అరలో నూనె డబ్బా, కత్తెర, బాపు కళ్లద్దాల పెట్టె, వాటి పక్కన నా ఫోను. మోగితే ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్లు ఎత్తుతారు, మోగకపోతే ఎవరికి పొద్దుపోకపోతే వాళ్లు ఫోటోలు చూస్తారు. అందులో దాచుకోవడానికి ఏమీ లేనంత కాలం నాకూ దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

దాచుకోవాల్సింది నా నెత్తి మీదే మొదలైంది. ఇరవై ఆరేళ్లు. ప్రైవేటు బడిలో లెక్కల సారును. ఒకరోజు బోర్డు మీద లెక్క చేసి వెనక్కి తిరిగేసరికి వెనక బెంచీలో ఎవరో "సారు నెత్తిల చంద్రుడు పొడిసిండు" అన్నారు. ఎవరన్నారో కనిపెట్టి కొడదామనుకున్నాను గానీ, ముందు అది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది. గదికి పోయి రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టి చూసుకున్నాను. నిజమే. నడినెత్తి మీద రూపాయి బిళ్లంత ఖాళీ. లెక్కల సారును కదా, మరుసటి రోజు నుంచి దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి రోజు అరవై రెండు, రెండో రోజు డెబ్బై ఒకటి. ఈ లెక్కన ఎన్ని నెలలకు మొత్తం ఖాళీ అవుతుందో కాగితం మీద వేసి చూసుకుని, ఆ కాగితం చింపేశాను.

జగిత్యాలలో ఒక చర్మవ్యాధుల డాక్టరు ఉన్నాడని తెలిసి, బడికి సెలవు పెట్టి పోయాను. ఆయన నా తలను పుచ్చకాయ బేరం చేసేవాడిలా రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఒక మందు రాసిచ్చి, "వారం వారం ఒక ఫోటో తీసి పెట్టుకో. ఒకటే జాగ, ఒకటే వెల్తురు. అచ్చినయో పోయినయో నీకే ఎర్కైతది" అన్నాడు. నా గదిలో నాతోపాటు ఉండేది మా బడి తెలుగు సారు. మల్లాపూర్ మనిషి, ఓపికమంతుడు. ప్రతి శుక్రవారం పొద్దున నన్ను కిటికీ పక్కన స్టూలు మీద కూచోబెట్టి, వెనక నిలబడి ఫోటో తీసేవాడు. "ఇంకొంచెం వంచుండ్రి సారూ. ఆ, గిప్పుడు మంచిగ కనవడ్తున్నది ఖాళీ" అనేవాడు. ఆయనకు వెటకారం తెలియదు, ఉన్నదున్నట్టు చెబుతాడంతే. అదే బాధ. అలా ఆరేడు నెలల్లో నా గ్యాలరీలో నా మొహం ఉన్న ఫోటోలు తొమ్మిదైతే, నా నడినెత్తి ఫోటోలు ముప్పై దాకా పోగయ్యాయి.

సరిగ్గా అప్పుడే అవ్వ నాకు పిల్లను చూడటం మొదలుపెట్టింది. రాయికల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల డిగ్రీ చదివి అక్కడే ఒక జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్లో పని చేస్తోంది. ఫోటో పంపారు. నేను ఆ ఫోటోను ఒకసారి చూస్తే చాలని చూసి, పదిసార్లు చూశాను. నవ్వు ఆపుకుంటున్నట్టున్న మొహం. నచ్చిందా అని అవ్వ అడిగితే "మీ ఇష్టం" అన్నాను (మా ఇళ్లల్లో మగపిల్లలు నచ్చిందని చెప్పే పద్ధతి అదే). నాది కూడా ఒక ఫోటో పంపాలి కదా. అవ్వ ట్రంకు పెట్టెలోంచి నా డిగ్రీ చివరి ఏడాది ఫోటో తీసి పంపింది. అందులో నాకు గుర్రానికున్నట్టు జుట్టు. వాళ్లకు నచ్చిందని కబురొచ్చింది. ఏం నచ్చిందో నాకు తెలుసు, అందులో మూడో వంతు అప్పటికే లేదనీ తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎడమ చెవి పైనుంచి కుడి చెవి దాకా జుట్టును అడ్డంగా దువ్వి, నూనె పెట్టి అదిమి, శని ఆదివారాలు గడుపుతున్నాను. ఇక ఆ ఫోన్ అరలో ఉండటం, అందులో ఆ ఫోటోలు ఉండటం తలుచుకుంటేనే చెమటలు పట్టేవి. అవ్వ చూస్తే అవతలివాళ్లకు చెప్పేస్తుంది. ఆమెకు అబద్ధం దాచడం రాదు, నిజం అసలే దాచలేదు.

దానికి ఉపాయం చెప్పింది తెలుగు సారే. ఒక యాప్ ఉంది, అది వేసుకుంటే ఫోను మొత్తం తెరిచే ఉంటుంది, మనం చెప్పిన ఒక్క యాప్‌కే తాళం పడుతుంది. నేను గ్యాలరీకి వేశాను. తెర మీద మూడు వరసల్లో తొమ్మిది చుక్కలు వస్తాయి, మనం పెట్టుకున్న గీత గీస్తేనే తెరుచుకుంటుంది. తప్పు గీత గీస్తే, గీసినవాళ్ల ఫోటో తనంతట తానే తీసి ఒక మూల దాచిపెడుతుంది. ఇన్ని తెలివితేటలున్న యాప్‌లో నేను పెట్టుకున్న గీత మాత్రం, ఎప్పటికీ మరిచిపోకూడదని, చిన్నప్పట్నుంచీ కళ్ల ముందున్నదే. సాంచలు కొనకముందు బాపు చేమగ్గం మీద నేసిన తువ్వాల ఒకటి మా ఇంట్లో దేవుడి పీట మీద పరిచి ఉండేది. దాని అంచు నిండా గోపురాల వరస. కింది ఎడమ చుక్క నుంచి పైన నడిమి చుక్కకు, అక్కణ్నుంచి కింది కుడి చుక్కకు, మళ్లీ కిందే నడిమి చుక్కకు. ఒక గోపురం. ప్రపంచంలో ఎవరూ ఊహించలేరనుకున్నాను. ఆ అంచును ఇరవై ఏళ్లు నేసిన మనిషి అదే ఇంట్లో ఉన్నాడన్న సంగతి లెక్కల సారుకు తట్టలేదు.

మొదటి ఆదివారమే అవ్వ పట్టుకుంది. నేను తలస్నానం చేసి వచ్చేసరికి (నా తలస్నానం ఆ రోజుల్లో ముప్పావు గంట పట్టేది, ఒక్కో వెంట్రుకనూ బతిమాలుకోవాలి) ఫోను చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"కొడుకా, గిదేందిరా, ఫోటోలు పొయ్యి చుక్కలచ్చినయి? ముగ్గు చుక్కల లెక్కున్నయి."

నిజం చెప్పే ధైర్యం లేదు. "ఖరాబైందవ్వా. గట్లనే అస్తున్నయి" అన్నాను.

"మరి ఎవలకన్న జూపియ్యరాదు?"

"జూపిస్త తియ్యి."

బాపు సాంచా ఆపి తెగిన పోగు ముడేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "ఫోన్లు ఖరాబైతే బందైతయి గని, ముగ్గులెయ్యయి."

బాపు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన మాట తక్కువ. తలకు ఎప్పుడూ రుమాలు చుట్టుకుని ఉండేవాడు, పొద్దున లేచింది మొదలు. సాంచల షెడ్డులో గాలి నిండా దూది పొట్టు ఎగురుతుంటుంది కాబట్టి దానికోసమే అనుకునేవాళ్లం. అయితే పెళ్లిళ్లకు పోయినా, ఆస్పత్రికి పోయినా రుమాలు ఉండేది. అప్పుడు మాత్రం తెల్లది. ఆయన నెత్తిని ఇంట్లో నేనే సరిగ్గా చూసిన గుర్తు లేదు.

ఆ సాయంత్రం కోరుట్ల బస్సులో కూచుని, యాప్ దాచిపెట్టిన ఫోటోలు తెరిచాను. అవ్వవి నాలుగు. ఒకదాంట్లో బొట్టు, సగం కన్ను. ఇంకోదాంట్లో ముగ్గు వేసేటప్పుడు పెట్టినట్టే నాలుక కొస పెదవుల మధ్య పెట్టుకుని ఉంది. చుక్కలు కనిపిస్తే కలపకుండా ఉండలేదు పాపం. ఐదోది బాపుది. కళ్లద్దాలు ముక్కు కొసకు జారి, పెదవులు బిగించి, పడుగులో తెగిన పోగు కోసం వెతికేటప్పుడు పెట్టే మొహం. నాకు నవ్వొచ్చింది. పక్క సీటాయన అనుమానంగా చూశాడు. రెండో ఆదివారం బాపువి ఐదు. మూడో ఆదివారం రెండు. నాలుగో ఆదివారం అవ్వవి మూడున్నాయి, బాపువి ఒక్కటీ లేదు. ఆయన విసిగి వదిలేశాడని, నా తాళం గెలిచిందని నేను గర్వపడ్డాను. ఆ వారం తెలుగు సారుకు ఈ సంగతి చెప్పి టీ కూడా తాగించాను.

పెళ్లిచూపులు ఏడో ఆదివారం పెట్టుకున్నారు. ఎండలు మండిపోతున్న రోజులు. బస్సులో కిటికీ పక్కన సీటు ఖాళీ ఉన్నా నేను కూచోలేదు, గాలి నాకు శత్రువు. నడిమి సీట్లో, నెత్తికి దస్తీ కట్టుకుని, అవ్వ అడిగితే ఎండదెబ్బ అని చెప్పి, జగిత్యాలలో బస్సు మారి రాయికల్ చేరాం. వాళ్ల గుమ్మం ముందు దస్తీ విప్పి, అరచేత్తో జుట్టు అదిమి లోపలికి అడుగుపెట్టగానే నా కళ్లు పిల్ల కోసం వెతకలేదు, ఫ్యాను కోసం వెతికాయి. ఉంది. నన్ను కూచోమన్న కుర్చీకి సరిగ్గా నెత్తి మీద, జోరుగా తిరుగుతోంది. "నాకు జలుబున్నది, ఫ్యాను జర తగ్గిస్తరా" అని అడిగాను. నడి ఎండాకాలంలో, ఎనిమిది మంది కూచున్న గదిలో. పిల్ల తండ్రి మర్యాదస్తుడు, లేచి ఒకటో నంబరుకు తగ్గించాడు. అందరూ కండువాలతో విసురుకోవడం మొదలుపెట్టారు.

పిల్ల వచ్చి చాయ్ ఇచ్చి, వాళ్ల అమ్మ పక్కన కూచుంది. ఫోటోలోకంటే ఎదురుగా ఇంకా బాగుంది. నవ్వు ఆపుకునే ఆ మొహం పుట్టుకతోనే అట్లా ఉందనుకుంటాను. నేను తల వంచితే గుట్టు బయటపడుతుంది కాబట్టి, సిగ్గుపడాల్సిన చోట కూడా తల నిటారుగా పెట్టి కూచున్నాను. ఎంత పొగరు అనుకున్నారో ఏమో. మాటలు బాగానే సాగుతున్నాయి. అక్కడే కూచున్న పిల్ల మేనమామకు జగిత్యాల బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణం ఉందని ఎవరో అన్నారు. అంతే, అవ్వ కళ్లు మెరిశాయి. చుట్టరికం కలవబోతుంటే చుట్టాల పని చుట్టాలతోనే చేయించాలన్నది మా అవ్వకు తెలిసిన మొదటి మర్యాద. నా జేబులోంచి ఫోను తనే లాగి, అందరి ముందూ ఆయన వైపు చాచింది.

"తమ్మీ, నువ్వు ఉండంగ మేము బయటోళ్లకు ఎందుకు జూపియ్యాలె. మా పిలగాని ఫోను ఖరాబైంది. ఫోటోలు తెరుద్దామంటే చుక్కలస్తున్నయి. ఎన్ని ముగ్గులేసినా పోతలేవు. జర సూడు."

ఆపుదామని లేవబోయాను, లేస్తే జుట్టు కదులుతుందని మళ్లీ కూచున్నాను. మేనమామ ఫోను తీసుకుని, గ్యాలరీ నొక్కాడు. చుక్కలు చూశాడు. ఒక్క క్షణం నా వైపు చూసి, ఫోను బల్ల మీద పెట్టాడు.

"అక్కా, గిది ఖరాబు గాదు. తాళం. పిలగాడే ఏసుకున్నడు."

"తాళమా?" అంది అవ్వ. "ఫోటోలకు తాళమెందుకు?"

"గదే నేను అడుగుతున్న. ఫోనంతా తెరిచే ఉన్నది. ఫోటోలకొక్కదానికే తాళమున్నది." ఆయన గొంతు పెంచలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. "దినాం పది ఫోన్లు నా చేతులకెల్లి పోతయి. గ్యాలరీకి తాళమేసేటోల్లు ఏం దాస్తరో నాకెర్కే. నేనేం అంటలేను. మా పిల్ల సంగతి గనుక అడుగుతున్నం."

గది చల్లబడిపోయింది, ఫ్యాను తగ్గించి ఉన్నా సరే. పిల్ల తండ్రి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పిల్ల మొహంలో నవ్వు లేదు. మొదటిసారి. నేను ఎంత వెర్రివాణ్నంటే, ఆ క్షణంలో కూడా లెక్కే వేసుకున్నాను. తాళం తీయకపోతే సంబంధం పోతుంది, తీస్తే నెత్తి బయటపడి పోతుంది. రెండు దారుల్లోనూ జవాబు సున్నానే. "ఏం లేదు, బడి ఫోటోలు" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"బడి ఫోటోలైతే చూపియ్యి నాయినా" అన్నాడు మేనమామ.

అప్పుడు బాపు మెల్లగా చేయి ఎత్తి, నెత్తి మీది తెల్ల రుమాలు విప్పాడు. విప్పి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. కిటికీ వెలుతురు పడి మెరుస్తోంది. అవ్వ కూడా నోరు తెరిచి చూసింది, ఆయన నెత్తి చూసి కాదు, పరాయి ఇంట్లో రుమాలు విప్పినందుకు.

"బావా" అన్నాడు పిల్ల తండ్రితో, "ఉబ్బరిస్తున్నది. ఫ్యాను జర పెంచుండ్రి."

"బాపూ" అన్నాను.

పిల్ల తండ్రి లేచి ఐదో నంబరుకు తిప్పాడు. ఇక నా జుట్టు సంగతి. నూనె ఎంత పెట్టినా ఐదో నంబరుకు ఆగే జుట్టు కాదది. ముందు కొస లేచింది, తర్వాత మొత్తం లేచింది, కుడి చెవి దగ్గర వదిలిపెట్టి, ఎడమ చెవి దగ్గర పట్టుకుని, తలుపు రెక్కలాగా నిలువునా నిలబడింది. నేను చేతులు ఎత్తలేదు. అప్పటికే అందరూ చూశారు.

"మా ఇంట్ల మగోల్లది గింతే" అన్నాడు బాపు. "మా నాయినది గింతే, నాది గింతే. వీనికి జర తొందరచ్చింది. మీకు పంపిన ఫోటో పాతది, గది మాదే తప్పు. వీడు దాసింది గిదొక్కటే, ఇంకేం లేదు. తియ్యిరా తాళం."

నేను గోపురం గీశాను. తొందరలో మొదటిసారి తప్పుపోయింది, యాప్ నా ఫోటో కూడా తీసింది (ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, అంత దిక్కుమాలిన మొహం ఇంకెప్పుడూ పెట్టలేదు నేను). రెండోసారి తెరుచుకుంది. మేనమామ ఫోను తీసుకుని ఒక్కొక్కటే జరిపాడు. నెత్తి. నెత్తి. నెత్తి. మొదట అనుమానంగా, తర్వాత వేగంగా, ఆ తర్వాత పెదవి కొరుక్కుంటూ. "గివన్నీ నీ నెత్తేనా?" అన్నాడు. "డాక్టరు తియ్యమన్నడు" అన్నాను. పిల్ల తండ్రి లేచొచ్చి ఆయన భుజం మీంచి చూశాడు. అవ్వ అటునుంచి చూసింది. "అయ్యో కొడుకా, గిన్ని దినాలు గిదా" అని నా నెత్తి నిమరబోయి, అందరూ ఉన్నారని ఆగింది.

చివరికి వచ్చేసరికి మేనమామ ఆగాడు. "గీ ఆఖరుదేంది? గిండ్ల మొత్తమే పోయింది?"

నేను తొంగిచూశాను. అది నాది కాదు. నున్నటి బోడి నెత్తి, వంకరగా తీసింది, ఒక పక్క గోడ, ఒక పక్క భుజం. నేను తీయలేదు, తెలుగు సారు తీయలేదు. బాపు వైపు చూశాను. ఆయన ఇంతకుముందు ఎన్నడూ ఫ్యాను చూడనట్టు, పైకి ఫ్యాను వైపు చూస్తున్నాడు.

అప్పుడు పిల్ల లేచి వచ్చింది. వాళ్ల అమ్మ చేయి పట్టుకోబోయినా ఆగలేదు. మామ చేతిలోంచి ఫోను తీసుకుని, వెనక్కి ముందుకు జరిపి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"గీ పద్దెనిమిదో దాంట్ల కొంచెం నిండినట్టున్నది గదా" అంది.

"అది కిటికీ నీడ" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"ఎవలు తీసిన్రు?"

"మా తెలుగు సారు."

"మంచిగ తియ్యలేదు. వెల్తురు ఒక్కో వారం ఒక్కో తీరుగున్నది. గిట్ల తీస్తే అచ్చినయో పోయినయో ఎట్ల తెలుస్తది? సెంటర్ల పాసుఫోటోలు నేనే తీస్త." ఫోను నా చేతికిచ్చి, నవ్వు ఆపుకోవడం మానేసి, నవ్వింది. "ఇగ మీదటివి నేను తీస్త తియ్యి."

ముందుగా మేనమామే గట్టిగా నవ్వాడు. "అయితే ఇగ మేము అడిగేదేమున్నది" అని పిల్ల తండ్రి లోపలికి చూసి, మిఠాయి తెమ్మన్నాడు. అవ్వ కళ్లు తుడుచుకుంది. బాపు రుమాలు మళ్లీ చుట్టుకోలేదు. మిఠాయి తింటున్నంతసేపూ అది ఆయన ఒళ్లోనే ఉంది.

తిరుగు బస్సులో మల్యాల దాటాక అవ్వ నిద్రపోయింది. నేను బాపు పక్కన, కిటికీ దగ్గర కూచున్నాను. గాలికి జుట్టు ఎటు పోతే అటు పోనిచ్చాను.

"నీకు తాళం ఎట్ల వచ్చింది బాపూ?" అన్నాను.

"నీ ఏలు నూనెది గదా, గాజు మీద గీత పడ్తది. వెల్తురుకు వంచి చూసిన. పడ్డది గోపురం." వేలితో తొడ మీద గోపురం గీశాడు. "ఇరవై ఏండ్లు నేసిన గాదురా. కండ్లు మూసుకున్నా ఎర్కైతది. నాలుగో వారమే తీసిన."

అప్పుడర్థమైంది, ఆయన ఫోటోలు ఆ వారం ఎందుకు ఆగిపోయాయో. తప్పు గీసినవాళ్ల ఫోటోలే యాప్ తీస్తుంది మరి. టీ తాగించి మరీ చెప్పుకున్నాను నేను, గెలిచానని.

"మరి నాకు చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవేమోనని చూసిన."

సిగ్గేసింది. తర్వాత అడిగాను, "మరి ఆ ఆఖరి ఫోటో?"

"పొద్దున నువ్వు తానంల ఉన్నప్పుడు తీసుకున్న. మంచిగ రాలే." రుమాలు మడత సరిచేసుకుంటూ అన్నాడు. "అన్ని నీయే ఉన్నయి. ఒక్కనివే భయపడుతున్నట్టనిపిచ్చింది. నాదొకటి పక్కన పెట్టిన."

నేను ఫోను తీసి, గోపురం గీసి, ఆ ఫోటో ఇంకోసారి చూసుకున్నాను.

పెళ్లయింది. ఆమె చెప్పినట్టే ఆ తర్వాతవన్నీ తనే తీసింది, ఒకటే గోడ, ఒకటే వెలుతురు, వరసగా రెండేళ్లు. ఫోటోలు ఎంత బాగా వచ్చాయంటే, జుట్టు పోవడం తేటతెల్లంగా కనిపించి, డాక్టరే మందు ఆపేయమన్నాడు. బాపు ఆ పెళ్లిచూపుల తర్వాత ఊళ్లోకి రుమాలు లేకుండానే పోయేవాడు. షెడ్డులోకి పోయేటప్పుడే చుట్టుకునేవాడు. మూడేళ్ల కింద పోయాడు. గోడకు పెట్టడానికి మంచి ఫోటో వెతికితే అన్నిట్లోనూ కర్రలా బిగుసుకుని నిలబడి ఉన్నాడు, ఒక్కటీ ఆయనలా లేదు. చివరికి మేం పెట్టింది ఆ యాప్ తీసిన దొంగ ఫోటోల్లో ఒకటి, కళ్లద్దాలు ముక్కు కొసకు జారి, పెదవులు బిగించి, నా గుట్టు వెతుకుతున్నది. వచ్చినవాళ్లంతా సాంచా మీద పని చేస్తుంటే తీసిందనుకుంటారు.

పోయిన నెల కొత్త ఫోను కొన్నాను. అన్నిటికీ అందులోనే తాళాలున్నాయి, నేను గ్యాలరీకొక్కదానికే వేసుకున్నాను, అదే గోపురం. దాచేదేమీ లేదు, వేలు అట్లా పోనివ్వడం అలవాటైందంతే. పాత ఫోటోలు అందులోకి మారుస్తూ మా ఆవిడ నన్ను కుర్చీలో కూచోబెట్టి, ఫైలు పూర్తి చేద్దామని నా నెత్తి ఫోటో ఇంకొకటి తీసింది. బాపు తీసుకున్నదాన్ని దాని పక్కన పెట్టి నా చేతికిచ్చింది.

"గీ రెండిట్ల నీదేది, మామదేది?"

రెండూ మార్చి మార్చి చూశాను. వెంట్రుకలు లెక్కపెట్టినవాణ్ని, వారం వారం ఆ చోటునే చూసుకుని ఏడ్చినవాణ్ని, గుర్తుపట్టలేకపోయాను. ఆమె నవ్వుతోంది. చివరికి రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తే, ఒకదాంట్లో భుజం మీద తెల్లగా దూది పొట్టు అంటుకుని ఉంది. అది బాపుది.